రొట్టె ముద్ర వేసిన ఓట్లు

రొక్కీనత్త మాట మీద మా ఊళ్ళో గాడిదలు చేతులు మారేవి. అమ్మేవాడు దాని వయసు ఆరేళ్ళంటాడు, కొనేవాడు పదహారంటాడు. ఇద్దరూ తగువులాడుకుంటూ ఊరి రొట్టెల బట్టీ దగ్గరికి వస్తారు. ఆమె బయటికి వచ్చి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, గాడిద నోరు తెరిచి చూసి "పదకొండు" అంటుంది. అంతే, పదకొండే. ఒకసారి గాడిద కూడా ఒప్పుకుంటూ తల ఊపిందని మా నాన్న చెప్పేవాడు. నేను చూడలేదు కాబట్టి ఒట్టు వెయ్యను.

మిగతాదంతా నేను చూశాను. ఆ రోజు నేను ఓట్లు లెక్కపెట్టే గదిలో కలం పట్టుకుని కూర్చున్నాను.

ఆమె పేరు రొక్కీనా లకావా. ఊరు రొక్కసెల్వ, దక్షిణ ఇటలీ కొండల్లో. మా వైపు ఆడవాళ్ళు ఇంట్లో పిండి కలుపుకుని, ముద్దలు పలక మీద పేర్చుకుని, నెత్తిన పెట్టుకుని సోమవారం తెల్లారి బట్టీకి మోసుకొస్తారు. ఒక్కో రొట్టె మూడు కిలోలుంటుంది. వారమంతా ఇంటిల్లిపాదికీ అదే తిండి. చుట్టుపక్కల పల్లెల వాళ్ళకు సొంత బట్టీలున్నాయి గానీ, ఊళ్ళో ముప్ఫై ఇళ్ళ రొట్టెలు ఒకే బట్టీలో కలిసి కాలతాయి గనక ఏది ఎవరిదో తెలియడానికి ప్రతి ఇంటికీ చెక్కతో చెక్కిన ముద్ర ఒకటి ఉంటుంది. మాది కత్తెర, మా తాత గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు గనక. పక్కింటివాళ్ళది కోడిపుంజు. చర్చి గంటలు కొట్టే నికోలా ఇంటిది తాళంచెవి. మగవాళ్ళకు తమ ఇంటి ముద్ర తెలుస్తుంది, అది కూడా తినేటప్పుడు చూసి. బట్టీలోకి మగవాడు అడుగుపెట్టేవాడు కాదు. ఊరి ముద్రలన్నీ తెలిసిన మనిషి రొక్కీనత్త ఒక్కతే. అక్షరం ముక్క రాకపోయినా కాలిన రొట్టెను వెనక నుంచి చూసి ఎవరిదో చెప్పేది.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమె చేతిలో ఒక్క రొట్టె మాడలేదు. ఆమెకు పొగరంటూ ఉంటే ఈ ఒక్క విషయంలోనే.

ఇటలీలో ఆడవాళ్ళకు మొదటిసారి ఓటు వచ్చింది 1946 వసంతంలో. మా ఊరి మున్సిపాలిటీకి ఎన్నికలు పెట్టారు. ఊరి చుట్టూ ఉన్న పొలాలన్నీ ఎజీదియో దొరవి. దొర పక్షం గుర్తు గంట. కౌలుదార్లంతా కలిసి పెట్టుకున్న పక్షం గుర్తు నాగలి. దొర నోరు తెరిచి ఏమీ అనలేదు. ఆయన గుమాస్తా వితాంతోనియో మాత్రం ఇల్లిల్లూ తిరిగాడు. ముక్కుపొడుం డబ్బా తడుతూ, నవ్వుతూ, ఆగస్టులో మేరీమాత పండక్కి కౌలు కాగితాలు మళ్ళీ రాస్తాం కదా, గంటకు వెయ్యని ఇళ్ళేవో మాకు ఎలాగో తెలిసిపోతుంది అని చెప్పి వెళ్ళాడు. మా నాన్న గంటకే వేస్తానని చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు, అమ్మ తరఫున కూడా. అమ్మ పిండి కలుపుతూ తలెత్తలేదు.

ఆ వారం బట్టీ దగ్గర ఆడవాళ్ళకు వేరే మాట లేదు. కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టాలని బడిపంతులమ్మ నేర్పింది. వాళ్ళ భయం దాని గురించి కాదు. పెట్టెలో వేసిన కాగితాన్ని ఎవడైనా మార్చేస్తేనో? మనం వేసింది మనదేనని ఎవరు చూస్తారు? లెక్కపెట్టేచోట మనవాళ్ళను కాపలా పెట్టండి, దొంగలు పెట్టె దగ్గరే ఉంటారు అని మాత్రం అంది రొక్కీనత్త. కాపలా పెట్టింది నన్నే. సిస్టర్ల దగ్గర కాన్వెంటులో ఎనిమిదేళ్ళు చదివినవాణ్ణి, అప్పటికి ఇరవై రెండేళ్ళు. సిస్టర్ క్రొచ్చిఫిస్సా ఆలివ్ బెత్తం నా వేళ్ళకు లాటిన్, అందమైన దస్తూరీ రెండూ నేర్పింది. నోటికి నిజం నేర్పడం మాత్రం ఆమె తరం కాలేదు.

ఆడవాళ్ళకు ఒక్క కాపలా చాలలేదు. తాతల నాటినుంచి వాళ్ళకు తెలిసిన కాపలా ఇంకొకటుంది. ముద్ర వెయ్యని రొట్టె మీద ముందు ఎవరు చెయ్యేస్తే వాళ్ళదే. ఆదివారం ఓటు వెయ్యడానికి పెన్సిలు పట్టుకుని చెక్కగదిలోకి వెళ్ళినప్పుడు కొందరికి చెయ్యి దానంతటదే కదిలింది. ఒకరితో ఒకరు అనుకోలేదు. ఇంటూ గుర్తు పెట్టి, దాని పక్కన తమ ఇంటి రొట్టె ముద్రను బుద్ధిగా గీసి వచ్చారు.

సోమవారం ఎనిమిదింటికి బడిలో పెద్దగదిలో లెక్కింపు మొదలైంది. ప్రిసైడింగ్ అధికారి జిల్లా కేంద్రం పొతెంత్సా నుంచి వచ్చిన కుర్ర వకీలు, పేరు స్కారానో. ఆయన వీపు కిటికీ వైపు ఉంది. కిటికీలోంచి చిన్న బజారు, దాని అవతల ఊరి బట్టీ, పైన పొగగొట్టం కనిపిస్తాయి. బల్లకు ఇవతల నేను, గంటలు కొట్టే నికోలా, మందుల షాపాయన కొడుకు లెక్క రాస్తున్నాం. గంట పక్షం తరఫున గుమాస్తా వితాంతోనియో కిటికీ కింద గోడకు ఆనుకుని, పొడుం పీలుస్తూ కూర్చున్నాడు.

నలభయ్యో కాగితమో ఏమో. నాగలి మీద ఇంటూ ఉంది, పక్కన ఒక కోడిపుంజు. తోకతో సహా.

వకీలు దాన్ని అటూ ఇటూ తిప్పి ఇదేమిటన్నాడు. మొదటిసారి పెన్సిలు పట్టారు కదా సార్, చెయ్యి వణికి ఉంటుంది అన్నాను. చెయ్యి వణికితే తోక వస్తుందా అని ఆయన అడగలేదు. పక్కన పెట్టాడు. ఇంకో పది కాగితాల తర్వాత కత్తెర వచ్చింది.

మా అమ్మ కత్తెర. ఎడమ పిడి కాస్త చిన్నది. మా చెక్కముద్ర అక్కడ విరిగింది, అమ్మ ఆ విరిగిన అంచు కూడా వదలకుండా గీసింది. నా చెవులు వేడెక్కాయి. ఆ తర్వాత తాళంచెవి వచ్చింది. దొర ముందు చేతులు కట్టుకుని గంటకు జై కొట్టిన మనిషి నికోలా. అతని మొహం చర్చిలో కొవ్వొత్తిలా తెల్లబడింది.

వితాంతోనియో లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా, కల్లాల దగ్గర కూలోళ్ళ రొట్టెల మీద ఇలాంటివే చూశానని చెప్పాడు. ఇవి ఇంటి ముద్రలు, ఓటు ఎవరు వేశారో తెలిసిపోయే కాగితం చెల్లదని చట్టం ఉంది కదా, ఎవరివో తేల్చండి అని అడిగాడు. ఎవరివో తేలితే అవి చెల్లకపోవడమే కాదు, ఆగస్టులో ఏ కౌలు కాగితాలు చింపాలో కూడా గుమాస్తాకు తేలిపోతుంది. గదిలో ఉన్న అందరికీ ఆ సంగతి తెలుసు, ఒక్క వకీలుకు తప్ప.

అలాంటివి మొత్తం పందొమ్మిది. అన్నీ నాగలికే. వాటిని వదిలేసి లెక్కిస్తే గంటకు నాలుగు వందల రెండు, నాగలికి మూడు వందల తొంభై నాలుగు. వాటిని కలిపితే నాగలిది గెలుపు.

వకీలు మంచివాడే. చట్టం తప్పని మంచివాడు, మా ఊళ్ళో అంతకన్నా ప్రమాదం లేదు. ఈ గుర్తులు గుర్తుపట్టగలిగే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. నేను కాళ్ళ వైపు చూసుకున్నాను. నికోలా పైకప్పు వైపు చూశాడు. బట్టీ రొక్కీనాను పిలిపించండి, ఆమె అబద్ధం ఆడదని ఊరంతా చెప్తారు అన్నాడు వితాంతోనియో.

నిజమే, ఆడదు. వకీలు ప్రమాణం చేయించి, ఇది ఎవరిదమ్మా అని అడిగితే ఆమె గాడిద పళ్ళు చూసినట్టు చూసి "ఫలానావాళ్ళది" అనేస్తుంది. అలా పందొమ్మిది సార్లు.

వకీలుతో పొతెంత్సా నుంచి వచ్చిన జవాను వెళ్ళాడు. బజారు దాటడానికి ఇరవై అడుగులు. ఆమె రావడానికి మాత్రం పావుగంట పట్టింది. మోచేతుల దాకా పిండి, కనుబొమల మీద బూడిద. నన్ను చూసి "ఏరా కాన్వెంటోడా, మీ అమ్మ బాగుందా" అంది, మా అమ్మ ఆ పొద్దునే మూడు రొట్టెలు ఇచ్చి వెళ్ళినట్టు తెలియనిదానిలా.

ప్రమాణం చేసింది. వకీలు పందొమ్మిది కాగితాలూ బల్ల మీద పరిచి, ఇవి గుర్తుపడతారా అన్నాడు. ఆమె వంగి ఒక్కోదాన్నీ చూసింది. కోడిపుంజు, చంద్రవంక, కత్తెర. కాలిందో లేదో చూడటానికి బట్టీలోకి వంగి చూసేటప్పుడు ఉండే మొహమే అది. చివరిదాన్ని చూశాక నడుం నిలబెట్టింది.

"నా దగ్గరికొచ్చే ముద్రలు చెక్కవి బాబూ, పిండిలో లోతుగా దిగబడతాయి. కాగితం మీద గీకిన గీత చూసి ఇది ఫలానా ఇంటిదని నేనెట్లా ఒట్టేసేది? పక్కన రొట్టె ఉంటే పోల్చి చూడొచ్చు."

వితాంతోనియో కళ్ళు మెరిశాయి. "రొట్టెలకేం కరువు? ఇవాళ సోమవారం. నీ బట్టీ నిండా ఉన్నాయిగా."

"ఉన్నాయి" అంది.

తెప్పించమన్నాడు గుమాస్తా. ఆమె వకీలు వైపే తిరిగి చెప్పింది. ఇప్పుడు తలుపు తీస్తే చల్లగాలి తగిలి రొట్టెలు కూర్చుండిపోతాయి, ముప్ఫై ఇళ్ళు వారం రోజులు పచ్చిపిండి తినాలి, ఆ మాట బయట ఉన్న ఆడవాళ్ళకు ఈ గుమాస్తాగారే వెళ్ళి చెప్పాలి. వకీలు కిటికీలోంచి తొంగి చూశాడు. బజారులో కొళాయి దగ్గర అప్పటికే ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. మా అమ్మ అక్కడే ఉంది. ఆయన మళ్ళీ కూర్చుని, మధ్యాహ్నం గంట మోగేదాకా ఆగుదామన్నాడు. నన్ను రాయమన్నాడు. సిస్టర్ క్రొచ్చిఫిస్సా మెచ్చుకునే దస్తూరీతో నేను రాశాను: "మధ్యాహ్నపు చర్చి గంట మోగినంతట బట్టీ తలుపు తెరవవలెను."

ఆమె లేచి బయలుదేరబోయింది.

"ఎక్కడికి?" అన్నాడు వితాంతోనియో. "వెళ్ళి ముద్రలు చెరిపేద్దామనా? ఇక్కడే కూర్చో. వకీలుగారూ, ఈవిడ కుర్చీలోంచి లేవకూడదు. బట్టీ తలుపు దగ్గర జవాన్ని పెట్టండి, గంట మోగేదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

వకీలుకు అది న్యాయంగానే తోచింది. ఆమె ఆయనను చూసింది, గుమాస్తాను చూసింది. "సరే, మీ ఇష్టం" అని కూర్చుంది.

అప్పటికి పదిన్నర. మూడు కిలోల రొట్టె కాలడానికి ఎంతసేపు పడుతుందో బట్టీకి వెళ్ళని మగవాడికి తెలియదు. నాకూ తెలియదు. వకీలు మర్యాదకు, ఈ పనిలో ఎన్నేళ్ళుగా ఉన్నారమ్మా అని అడిగాడు. అప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. నేను పుట్టినప్పటి నుంచి ఆరు మాటలకు మించి ఒక్కసారిగా మాట్లాడని రొక్కీనత్త నోరు విప్పింది, మళ్ళీ ముయ్యలేదు.

తొమ్మిదేళ్ళ వయసు నుంచి మొదలుపెట్టింది. అప్పట్లో బట్టీ ఊరిది కాదు, ఎజీదియో దొర తండ్రిది. ఇంకెక్కడా కాల్చుకోకూడదు, పది రొట్టెలకు ఒకటి దొరకు ఇవ్వాలి. ఒక సోమవారం వాళ్ళమ్మ హడావుడిలో ఒక రొట్టెకు ముద్ర వెయ్యడం మరిచిపోయింది. దొర మనిషి అది ఎవరిదీ కాదని తీసుకుపోయాడు. వాళ్ళమ్మ బజారులో నిలబడి ఆ రొట్టె నాది, దాని అడుగున నా బొటనవేలి గుంట ఉంది చూడు అని అరిచింది. చూశారు, గుంట ఉంది. అయినా ఇవ్వలేదు. ఆ రోజు నుంచి తనకు ఒక రాజకీయం అబ్బింది అంది రొక్కీనత్త.

"ఏ రాజకీయం?" అన్నాడు వకీలు, నవ్వుతూ.

"నాది అని రుజువు చూపించాక కూడా ఇయ్యనోడు దొంగ. వాడి టోపీ మీద ఏ బిళ్ళ ఉన్నా సరే."

వితాంతోనియో పొడుం పీల్చి తుమ్మాడు.

పెళ్ళి సంగతికి వచ్చింది. మొగుడి పేరు దొనాతో, మంచి తాపీపనివాడు. పెళ్ళయిన నాలుగేళ్ళకు యుద్ధానికి తీసుకుపోయారు. తనెప్పుడూ చూడని ఉత్తరాది నది ఒడ్డున పోయాడు. ప్రభుత్వం కాగితం పంపింది. తనకు చదవడం రాదు గనక ఫాదర్ చదివాడు. అందులో దేశం నీకు రుణపడి ఉంది అని ఉందట. ఆ తర్వాత కొన్నాళ్ళకు బట్టీ మున్సిపాలిటీ చేతికి వచ్చింది, వితంతువు కదా అని దాని తాళంచెవి ఆమెకు ఇచ్చారు. "మనిషిని తీసుకుని ఇంత ఇనప ముక్క ఇచ్చారు బాబూ. నేను వద్దన్లేదు. ఆకలి పుట్టినోళ్ళకి రోషం ఆలస్యంగా పుడుతుంది."

ఆ మాట అన్నప్పుడు నా కళ్ళు కిటికీ మీద ఉన్నాయి. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. రొట్టెలు పెట్టాక పొగ రాకూడదు. నిప్పులన్నీ బయటికి లాగేసి, రాళ్ళ వేడికే కాలుస్తారు. ఆ సంగతి నాకు కూడా తెలుసు. కానీ పొగ వస్తోంది, తెల్లగా, దట్టంగా. నేను నికోలా వైపు చూశాను. అతనూ పొగ వైపే చూస్తున్నాడు.

పదకొండు దాటింది. ఆమె ఉంగరాల సంగతి చెప్తోంది. నల్లచొక్కాల ఫాసిస్టుల కాలంలో ఆఫ్రికా యుద్ధానికి బంగారం కావాలని, ఆడవాళ్ళ పెళ్ళి ఉంగరాలు తీసుకుని ఇనప ఉంగరాలు ఇచ్చారు. చర్చి ముందు పెద్ద గంగాళం పెట్టారు. వరసలో నిలబడి అందరూ వేశారు. ఈమె వంతు వచ్చినప్పుడు, దీన్ని నా వేలికి పెట్టినోడే తియ్యాలి, మీరే పట్టుకుపోయారుగా, తీసుకొచ్చి తీయించుకోండి అందట. రెండు రోజులు పోలీసు కొట్లో కూర్చోబెట్టారు. ఊరి వాళ్ళు ఆ రెండు రోజులూ సగం కాలిన రొట్టె తిన్నారు, అందుకే వదిలేశారు. చేతిని బల్ల మీద పెట్టి చూపించింది. ఉంగరం అరిగి దారంలా ఉంది.

అప్పుడు మొదటి వాసన వచ్చింది, కమ్మగా. వకీలు ముక్కు ఎగబీల్చి, బాగుందే అన్నాడు. చుట్ట వెలిగించాడు. వితాంతోనియో ముక్కుకు పొడుం తప్ప ప్రపంచంలో ఇంకేదీ అందదు. పొగ పసుపు రంగుకు తిరిగింది.

బజారులో ఆడవాళ్ళ తలలు ఒక్కొక్కటే బట్టీ వైపు తిరిగాయి. వాళ్ళ రొట్టెలు అవి. ఆ ఏడు ఊళ్ళో పిండి ఎలా దొరికేదో ఎవరినైనా అడగండి. శనగలు, బార్లీ, కొందరైతే పళ్ళచెట్ల గింజలు కూడా దంచి కలిపిన పిండి. ఒకావిడ పరుగు తీయబోయింది. మా అమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఏదో చెప్పింది. ఆవిడ ఆగిపోయింది. ఒక్క ఆడది గొంతెత్తి రొట్టెలు మాడుతున్నాయని అరిస్తే చాలు, వకీలు తలుపు తీయిస్తాడు, ముద్రలు ఇంకా చదవగలిగినట్టే ఉంటాయి. ఇరవై ముప్ఫై మంది ఆడవాళ్ళు వారం తిండి కాలిపోతుంటే చూస్తూ నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. నేను చచ్చి పైకి వెళ్ళాక సిస్టర్ క్రొచ్చిఫిస్సా ఎదురైతే అద్భుతాల గురించి ఆమెకు ఈ ఒక్కటీ చెప్తాను.

వకీలు మాటల్లోపడి, జూన్‌లో రాజు కావాలా రిపబ్లిక్ కావాలా అని ఓటింగు వస్తోందిగా, మీరేమంటారన్నాడు.

"రాజుగారి ఇంటి రొట్టె నేనెప్పుడూ కాల్చలేదు. ఆయన పిండి ఎట్లాంటిదో నాకేం తెలుసు? రొట్టె పలచబడిందంటే పైన ఎవడో లావెక్కుతున్నాడని లెక్క. వాణ్ణి మార్చగలిగితే అది నాకు పనికొచ్చే ప్రభుత్వం. మార్చలేకపోతే వాడి పేరేదైతే నాకేం?"

"అయితే నువ్వు నాగలి మనిషివి" అన్నాడు వితాంతోనియో. "ఒప్పుకో. ఎర్రజెండా మనిషివి."

"నాగలోళ్ళ మీద కూడా ఓ కన్నేసి ఉంచుతా వితాంతోనియో. గెలిచిన రోజు నుంచి నాగలి కూడా గంట లాగే మోగుద్ది."

పన్నెండు కావస్తోంది. నికోలా గంట కొట్టడానికి లేచాడు. టోపీ వెతుక్కున్నాడు. అది చేతిలోనే ఉంది. చాలా నెమ్మదిగా బయటికి నడిచాడు. ఇంతలో వాసన మారింది. చేదుగా, గొంతులో పట్టేలా ఉంది. వకీలు చుట్ట నోట్లోంచి తీసి, ఏదో మాడుతోందన్నాడు. తల కిటికీ వైపు తిప్పబోయాడు.

రొక్కీనత్త నోరు మూతపడింది. ప్రమాణం చేసి కూర్చున్న మనిషి, ఆమెకు అబద్ధం రాదు. ఆమె నా వైపు చూసింది.

"ద్రాక్షతోటల్లో కొమ్మలు నరికి కాలుస్తున్నారు సార్" అన్నాను నేను. "ఏటా ఇదే గొడవ. పోయినేడు బిషప్‌గారికి కళ్ళమ్మట నీళ్ళు కారి, మా ఊరి భక్తికి చలించాననుకున్నారు."

వకీలు నవ్వి ఇటు తిరిగాడు. నా జన్మలో ఆడిన అబద్ధాలన్నిటిలోకీ కూడు పెట్టింది అదొక్కటే. నిజానికి అది కూడు పెట్టలేదు, పోగొట్టింది.

వితాంతోనియో గడియారం తీసి, పన్నెండూ పది అయింది, గంటేది అన్నాడు. వకీలు నా రికార్డు లాక్కుని చదివాడు. గంట మోగినంతట అని ఉంది, టైము వెయ్యలేదు. రికార్డు ప్రకారం వేచి ఉండాల్సిందేనన్నాడు. పన్నెండూ ఇరవై. గుమాస్తా లేచి తిరగడం మొదలుపెట్టాడు. రొక్కీనత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉంగరం వేలు బొటనవేలితో రుద్దుకుంటోంది. పొగగొట్టంలోంచి వచ్చేది ఇప్పుడు నల్లగా ఉంది. ఆమె అటు చూడలేదు. చూడక్కర్లేదు, ఆ వాసన ఆమె ముక్కుకు గంట క్రితమే తెలిసి ఉంటుంది. ఆమె పై పెదవి మీద చెమట చుక్కలు నిలిచాయి.

ఆ రోజు మా ఊళ్ళో మధ్యాహ్నం పన్నెండూ నలభైకి అయింది. తాడు చిక్కుపడిందని నికోలా తర్వాత చెప్పుకున్నాడు.

అందరం బజారు దాటాం. జవాను తలుపు ముందు కళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. రొక్కీనత్త ఇనప తలుపు కొక్కెం పట్టి లాగింది. పొగ మొహం మీదికి వచ్చింది. పొగ తగ్గాక వకీలు వంగి చూశాడు. పొడుగాటి చెక్క పారతో ఆమె ఒకదాన్ని బయటికి తీసింది. బొగ్గు ముద్ద. వకీలు చేతిరుమాలు అడ్డం పెట్టి పట్టుకుంటే చేతిలోనే రెండు ముక్కలైంది. ఇంకొకటి తీసింది, ఇంకొకటి. తొంభై రొట్టెలు. మా మూడు రొట్టెలు ఎక్కడున్నాయో నేను చెప్పలేకపోయాను. ఆమె కూడా చెప్పలేదు.

"కావాలనే చేసింది" అన్నాడు వితాంతోనియో.

"కుర్చీలోంచి లేవొద్దన్నది నువ్వు. తలుపు ముట్టుకోవద్దన్నది నువ్వు" అంది ఆమె. "ఈ ఆడాళ్ళకి వారం ఏం పెడతావో చెప్పు."

ఆడవాళ్ళు చుట్టూ మూగారు. గుమాస్తా మాత్రం ఇళ్ళలో వెతికి చెక్కముద్రలు తెప్పించమని వకీలును అడిగాడు. ఇల్లిల్లూ సోదా చెయ్యడం ఎన్నికల అధికారి పని కాదన్నాడు వకీలు, రుమాలు దులుపుకుంటూ. ఏ గుర్తు ఎవరిదో తేల్చే ఆధారం లేదని రికార్డులో రాయించాడు. పందొమ్మిదీ చెల్లాయి. నాలుగు వందల పదమూడుకు నాలుగు వందల రెండు.

సాయంత్రానికి ఊళ్ళో ఒక్క చెక్కముద్ర బయట కనిపించలేదు. మాది కోళ్ళగూట్లో గుడ్ల కింద ఉంది. ఆగస్టులో కౌలు కాగితాలన్నీ మామూలుగానే రాశారు. అనుమానం అందరి మీదా ఉన్నప్పుడు అందరినీ వెళ్ళగొట్టి పొలం ఎవడు దున్నుతాడు? కొత్త మేయరు ఆమెకు దణ్ణం పెట్టడానికి వచ్చాడు. బట్టీ పైకప్పు కారుతోంది, బాగుచేయించు, లేకపోతే ఈసారి నీకెదురు ఓటేస్తా అని పంపింది.

చాలా ఏళ్ళ తర్వాత, ఆ జవాను మా ఊరి అమ్మాయినే చేసుకుని ఇక్కడే ఉండిపోయాక, నాతో ఒక మాట చెప్పాడు. అతను పిలవడానికి వెళ్ళినప్పుడు, ఓటు కాగితాల మీద రొట్టె ముద్రలున్నాయని, అందుకు పిలుస్తున్నారని వాగేశాడట. ఆమె ఒక్క నిమిషం ఆగమంది. పెట్టిన రొట్టెల మధ్యకు రెండు మోపుల ఎండు కొమ్మలు తోసి తలుపు వేసింది. వేడి చాలలేదా అని ఇతను అడిగితే "ఇవాళ చాలదు" అందట. పావుగంట పట్టింది అందుకే. రెండో మోపు తొయ్యడానికి ముందు చాలాసేపు లోపలికి చూస్తూ నిలబడిందట.

మగవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళకు తెలిసింది ఒక్కటే, రొక్కీనా ఉపన్యాసం ఇస్తూ మైమరచి ఊరి రొట్టెలన్నీ మాడ్చింది. ఆమె చచ్చిపోయేదాకా ఆ ఎగతాళి పోలేదు. గాడిదను తీసుకొచ్చినవాళ్ళు కూడా "నోరు చూసి చెప్పు గానీ, మాట్లాడకు అత్తా, గాడిద మాడిపోద్ది" అనేవాళ్ళు. ఆమె వయసు చెప్పి లోపలికి వెళ్ళిపోయేది. ఆడవాళ్ళలో ఒక్కరూ నవ్వేవారు కాదు.

ఆ వారం మేము అడవి కూర, చిక్కుడు గింజల ముద్ద తిన్నాం. ఎదురుగా మా నాన్న రోజూ సణిగాడు, ముసల్దానికి రాజకీయం ఎందుకు, మా పిండి మాడ్చి మా నోళ్ళు కొట్టిందని. రెండో సోమవారం అమ్మ కొత్త రొట్టె తెచ్చింది. కోళ్ళగూట్లోంచి ముద్ర బయటికి వచ్చింది, ఓటు కాగితాలు సీలు పడి పొతెంత్సా వెళ్ళిపోయాయి గనక. రొట్టె ఎర్రగా, సమంగా కాలి ఉంది. అమ్మ కత్తెర పైకి కనిపించేలా నాన్న ముందు పెట్టింది.

"ఇది మాడలేదేం?" అన్నాడు నాన్న.

"ఇవాళ ఆవిణ్ణి ఎవరూ కూర్చోబెట్టలేదు" అంది అమ్మ.

నాన్న కత్తి పట్టుకుని ఆగాడు. కత్తెర వైపు చూశాడు, విరిగిన ఎడమ పిడి వైపు చూశాడు. అమ్మ వైపు చూశాడు. తర్వాత ముద్ర ఉన్న ముక్కను జాగ్రత్తగా వదిలేసి, రెండో వైపు నుంచి కోసుకున్నాడు.